ఆకులోని డీఎన్‌ఏ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఆకు కణంలో జన్యుపదార్థం మూడు చోట్ల ఉంటుంది: కేంద్రకంలో, మైటోకాండ్రియాలో, హరితరేణువులో. ప్రయోగం తేడా కొట్టిందని ఈసారి రాసినవాళ్లలో చాలామంది ఆ మూడోదాన్ని మరిచిపోయారు. హరితరేణువు అంటే క్లోరోప్లాస్టే. కింద రెండు మాటలూ వాడాం.

ప్రశ్న: మామిడి రకాల మధ్య తేడా చూడటానికి ఆకుల నుంచి డీఎన్‌ఏ తీస్తున్నాను. సీటాబ్ (కణాలను పగలగొట్టి డీఎన్‌ఏ విడదీసే డిటర్జెంట్) పద్ధతిలో చేస్తే చివరికి గోధుమ రంగు జిగురు ముద్ద మిగులుతోంది. నానోడ్రాప్‌లో (కాంతితో గాఢత కొలిచే యంత్రం) గాఢత బాగానే కనిపిస్తోంది గానీ పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కను ఎన్నో ప్రతులుగా పెంచే పద్ధతి) జెల్ మీద ఒక్క బ్యాండూ రావడం లేదు. మా ల్యాబ్‌లో లిక్విడ్ నైట్రోజన్ ఎప్పుడూ దొరకదు. ఏం చేయాలి? – ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: గోధుమ రంగు ఒక జబ్బు, జిగురు ఇంకొకటి. రెండింటికీ మందు వేరు.

ఆకు నలగగానే అందులోని పాలీఫినాల్స్ గాలి తగిలి క్వినోన్లుగా మారి డీఎన్‌ఏకి అతుక్కుంటాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు ఇథనాల్‌తో కడిగినా వదలవు. కాబట్టి రంగును నూరేటప్పుడే ఆపాలి. జిగురు పాలీశాకరైడ్ల వల్ల వస్తుంది. ఆల్కహాల్ పోయగానే డీఎన్‌ఏతో పాటు అవీ అడుగుకు దిగుతాయి. నానోడ్రాప్ గాఢతను నమ్మకండి, ఫినాల్స్, ఆర్‌ఎన్‌ఏ కూడా ఆ లెక్కలో కలిసిపోతాయి. చూడాల్సింది 260/230 నిష్పత్తి, అంటే 260, 230 నానోమీటర్ల కాంతిని ద్రావణం ఎంతెంత పీల్చుకుందన్న లెక్క. 2 దగ్గర ఉండాల్సింది 1 కన్నా తగ్గితే మీ ట్యూబులో డీఎన్‌ఏ కాక ఇంకా చాలా ఉన్నట్టే.

ముందు ఆకు ఎంపిక. రాగి రంగు చిగురులో ఫినాల్స్ ఎక్కువ, ముదురాకులో పీచూ జిగురూ ఎక్కువ. రాగి రంగు పోయి లేత పచ్చకు తిరిగి, ఇంకా మెత్తగా ఉన్న ఆకు కోయండి. లిక్విడ్ నైట్రోజన్ లేకపోతే ఆకును సన్నగా చీల్చి, దాని బరువుకు పది రెట్లు సిలికా జెల్‌లో వేసి మూత పెట్టండి. ఒక రోజులో పెళుసుగా విరగాలి. వంగుతోందంటే తడి ఉంది, జెల్ మార్చండి. అలా ఎండిన ఆకును నైట్రోజన్ లేకుండానే మెత్తగా పొడి చేయొచ్చు.

ఇప్పుడు అసలు మందు: సీటాబ్ పోసే ముందు సార్బిటాల్‌తో కడగడం. 100 మి.లీ. ద్రావణానికి సార్బిటాల్ 6.4 గ్రాములు, 1 మోలార్ ట్రిస్ (పీహెచ్ 8) 10 మి.లీ., 0.5 మోలార్ ఈడీటీఏ 1 మి.లీ., పీవీపీ (ఫినాల్స్‌ను పట్టుకునే పాలిమర్) 1 గ్రాము. వాడబోయే ముందు మి.లీ.కి 10 మైక్రోలీటర్ల బీటా మెర్కాప్టో ఇథనాల్, అదీ ఫ్యూమ్ హుడ్‌లోనే. ఆకు పొడి 50 నుంచి 100 మి.గ్రా.కి ఒక మి.లీ. పోసి బాగా కలిపి, సెంట్రిఫ్యూజ్‌లో 5,000 జీ (గురుత్వానికి 5,000 రెట్లు) దగ్గర 5 నిమిషాలు తిప్పి, పైనీరు పారబోయండి. పైనీరు తీగ సాగకుండా, రంగు తేలేవరకు రెండు మూడు సార్లు ఇలాగే. ఈ ద్రావణంలో కేంద్రకాలు, హరితరేణువులు చాలావరకు పగలవు, డీఎన్‌ఏ అడుగున భద్రంగా ఉంటుంది. జిగురూ ఫినాల్సూ పైనీటితో పోతాయి.

తర్వాత సీటాబ్ బఫర్. మామూలుగా 2% సీటాబ్, 1.4 మోలార్ ఉప్పు. మామిడికి సీటాబ్ 3%, ఉప్పు 2 మోలార్‌కి పెంచండి, అంటే 100 మి.లీ.కి 11.7 గ్రాముల సోడియం క్లోరైడ్. ట్రిస్ 10 మి.లీ., ఈడీటీఏ 4 మి.లీ., పీవీపీ 2 గ్రాములు. బఫర్‌ను ముందే 65 డిగ్రీలకు వేడి చేసి పోయాలి. అదే వేడిలో 45 నిమిషాలు ఉంచి, పది నిమిషాలకోసారి ట్యూబును తలకిందులు చేయండి. క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమం సమానంగా పోసి, పది నిమిషాలు మెల్లగా కలిపి, 12,000 జీ దగ్గర పది నిమిషాలు తిప్పండి. సెంట్రిఫ్యూజ్‌ను 4 డిగ్రీలకు పెట్టకండి. చల్లబడితే సీటాబ్ పేరుకుపోతుంది. చాలామంది ‘తెల్లటి డీఎన్‌ఏ’ అనుకుని దాచుకునేది దాన్నే. పై పొరను తీసి మళ్లీ ఒకసారి క్లోరోఫాం చేయండి. తీసేటప్పుడు మధ్య పొర మీద ఓ యాభై మైక్రోలీటర్లు వదిలేయండి. ఆశపడితే జిగురు మళ్లీ వస్తుంది.

చివరి మెట్టులో పొరపాటు ఎక్కువ జరుగుతుంది. పై పొరకు సగం పరిమాణంలో 5 మోలార్ ఉప్పు ద్రావణం కలిపి, ఆ మొత్తానికి రెండింతలు చల్లని ఇథనాల్ పోయండి. ఉప్పు ఎక్కువగా ఉంటే పాలీశాకరైడ్లు ద్రావణంలోనే నిలుస్తాయి. పది పదిహేను నిమిషాలు చాలు. రాత్రంతా ఫ్రీజర్‌లో పెడితే డీఎన్‌ఏ కాస్త పెరుగుతుందేమో గానీ, వదిలించుకున్న జిగురూ ఉప్పూ కూడా దిగుతాయి. 70% ఇథనాల్‌తో రెండుసార్లు కడిగి, ఆరబెట్టి, ఈడీటీఏ 0.1 మిల్లీమోలార్ మాత్రమే ఉన్న టీఈలో (ట్రిస్, ఈడీటీఏ కలిపిన బఫర్) కరిగించండి. మామూలు టీఈలో ఈడీటీఏ దీనికి పదింతలు ఉంటుంది, పీసీఆర్‌కి కావాల్సిన మెగ్నీషియాన్ని అది లాగేస్తుంది.

ఇప్పటికే తీసి పెట్టుకున్న పాత నమూనాలను పారేయకండి. 1:10, 1:50 పలుచన చేసి, పీసీఆర్‌లో మైక్రోలీటరుకు 0.4 మైక్రోగ్రాముల బీఎస్‌ఏ (నిరోధకాలను పట్టుకునే ప్రొటీన్) కలిపి చూడండి. ఇంకో పరీక్ష ఉంది: ఎప్పుడూ బ్యాండ్ ఇచ్చే మంచి డీఎన్‌ఏలో మీ నమూనా ఒక మైక్రోలీటర్ కలిపి పీసీఆర్ పెట్టండి. ఆ మంచిదీ పని చేయడం మానేస్తే మీ ట్యూబులో నిరోధకం ఉంది. అది చక్కగా వస్తే తప్పు ప్రైమర్ల (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) దగ్గరో, విరిగిపోయిన డీఎన్‌ఏలోనో వెతకండి.

ప్రశ్న: నీటి ఎద్దడిలో వరి ఆకులో పీఎస్‌బీఏ, ఆర్‌బీసీఎల్ అనే హరితరేణువు జన్యువుల వ్యక్తీకరణ కొలవాలి. ఓలిగో డీటీతో సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు) చేశాను. పోలికకు పెట్టిన కేంద్రక జన్యువు యాక్టిన్ బాగా వచ్చింది, ఈ రెండూ ఒకసారి వస్తాయి, ఒకసారి రావు. పైగా ఆర్‌ఎన్‌ఏని జెల్ మీద చూస్తే రెండు బ్యాండ్లకు బదులు నాలుగైదు ఉన్నాయి. ఆర్‌ఎన్‌ఏ పాడైందా? – పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: జెల్ గురించి దిగులు వద్దు. పచ్చని ఆకులో కణద్రవ్యపు 25ఎస్, 18ఎస్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏలతో పాటు హరితరేణువు తాలూకు 23ఎస్, 16ఎస్ కూడా ఉంటాయి, పైగా ఆ 23ఎస్ సహజంగానే ముక్కలుగా ఉంటుంది. వేరు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏని పక్కన పెట్టి నడిపితే తేడా కంటికే తెలుస్తుంది. ఆర్‌ఎన్‌ఏ నాణ్యతకు అంకె ఇచ్చే యంత్రాలు జంతు కణాల రెండు బ్యాండ్ల లెక్కతో తయారైనవి. ఆకును మొక్కల సెట్టింగులో చదివించకపోతే తక్కువ మార్కులే వేస్తాయి.

అసలు తప్పు ఓలిగో డీటీ దగ్గర జరిగింది. కేంద్రకపు ఎంఆర్‌ఎన్‌ఏకి పొడవాటి ‘ఏ’ తోక ఉంటుంది, ఓలిగో డీటీ దాన్నే పట్టుకుంటుంది. హరితరేణువులో పద్ధతి తిరగబడుతుంది: అక్కడ తోక తగిలించారంటే ఆ ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేయడానికి పంపుతున్నారని అర్థం. బ్యాక్టీరియా నుంచి వచ్చిన అలవాటు అది. అంటే మీరు పట్టుకున్నవి చాలావరకు చావుకు సిద్ధమైన ముక్కలు, లేదా ‘ఏ’లు వరుసగా ఉన్న చోట పొరపాటున అంటుకున్నవి. సీడీఎన్‌ఏని రాండమ్ హెక్సామర్లతో (ఆర్‌ఎన్‌ఏ మీద ఎక్కడైనా అంటుకునే ఆరక్షరాల ముక్కలు) చేయండి. అప్పుడు యాక్టిన్, పీఎస్‌బీఏ రెండూ ఒకే ట్యూబు నుంచి వస్తాయి.

రెండో గొయ్యి డీఎన్‌ఏ కల్తీ. ఒక ఆకు కణంలో క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ ప్రతులు వేలల్లో ఉండొచ్చు. ఈ రెండు జన్యువులకూ వరిలో ఇంట్రాన్లు (జన్యువు మధ్యలో ఉండి ఎంఆర్‌ఎన్‌ఏలో తొలగిపోయే భాగాలు) లేవు, కాబట్టి ఇంట్రాన్ మీదుగా ప్రైమర్ వేసి తప్పించుకునే దారి లేదు. ఒక మైక్రోగ్రాము ఆర్‌ఎన్‌ఏకి ఒక యూనిట్ డీఎన్‌ఏజ్ (డీఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైమ్), 37 డిగ్రీల్లో 30 నిమిషాలు. ఈడీటీఏ 5 మిల్లీమోలార్ అయ్యేలా కలిపి 65 డిగ్రీల్లో పది నిమిషాలు పెట్టి ఆపండి. ప్రతి నమూనాకూ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (సీడీఎన్‌ఏ చేసే ఎంజైమ్) వేయని జత ట్యూబు తప్పనిసరి. దాని సీటీ విలువ (పీసీఆర్‌లో సంకేతం కనిపించే సైకిల్ సంఖ్య) అసలుదాని కన్నా కనీసం పది సైకిళ్లు వెనకుంటే కల్తీ వెయ్యో వంతు. మూడు నాలుగు సైకిళ్లే తేడా ఉంటే డీఎన్‌ఏజ్ మళ్లీ వేయాల్సిందే.

కోత వేళ కూడా చూసుకోండి. కిరణజన్య సంయోగక్రియ జన్యువులు చాలావాటికి రోజువారీ లయ ఉంటుంది. నీళ్లు పోసినవి తొమ్మిదింటికి, ఎండగట్టినవి పన్నెండింటికి కోస్తే మీకు కనిపించే తేడాలో ఎంత ఎద్దడిదో, ఎంత గడియారందో తేల్చలేరు.

ఇన్నీ సరిగ్గా చేసినా ఎంఆర్‌ఎన్‌ఏ లెక్కతోనే తీర్పు ఇవ్వొద్దు. హరితరేణువులో నియంత్రణ ఎక్కువగా అనువాద దశలో, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్ తయారయ్యేటప్పుడు జరుగుతుంది. పీఎస్‌బీఏ ఎంఆర్‌ఎన్‌ఏ చీకట్లోనూ నిలవ ఉంటుంది, వెలుతురు పడగానే దాని నుంచి డీ1 ప్రొటీన్ తయారీ జోరందుకుంటుంది. డీ1 యాంటీబాడీతో ఒక వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్ ఎంత ఉందో చూసే పరీక్ష) జతచేస్తేనే మీ పట్టికకు బలం.

ప్రశ్న: మా పెరట్లో చంద్రకాంత మొక్కకు ఒక కొమ్మ ఆకులన్నీ తెల్లగా, ఇంకో కొమ్మకు తెలుపు పచ్చ మచ్చలుగా వచ్చాయి. విత్తనం వేస్తే అలాంటి మొక్కలే వస్తాయా? – గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: 1909లో జర్మనీలో జన్యుశాస్త్రవేత్త కార్ల్ కోరెన్స్ సరిగ్గా ఈ చంద్రకాంత మీదే పని చేసి, కొన్ని లక్షణాలు తల్లి వైపు నుంచి మాత్రమే వస్తాయని చూపించాడండి. తెల్ల కొమ్మ మీది విత్తనం వేస్తే, పుప్పొడి ఏ కొమ్మదైనా, మొలకలన్నీ తెల్లగానే వచ్చి విత్తనంలోని ఆహారం అయిపోగానే చచ్చిపోతాయి. పచ్చ కొమ్మ విత్తనానికి పచ్చవే. మచ్చల కొమ్మ విత్తనానికి మూడు రకాలూ కలిసి వస్తాయి, ఏది ఎన్నో ముందే చెప్పలేం. అండకణంలోకి మంచి, పాడైన హరితరేణువులు ఏ పాళ్లలో పడ్డాయన్నదే లెక్క. మచ్చల మొక్క కావాలంటే ఆ కొమ్మ విత్తనాలే ఎక్కువగా వేసి ఏరుకోండి. మీ మొక్క కూడా ఈ కోవదేనో కాదో మొలకలే చెబుతాయి. కేంద్రక జన్యువుల వల్ల వచ్చే మచ్చలూ, వైరస్ మచ్చలూ ఉన్నాయి. ఆకు ముడత పడి, మచ్చ పక్క మొక్కలకు కూడా పాకుతుంటే అది వైరస్ అయ్యే అవకాశమే ఎక్కువ, పీకేయండి.

పువ్వుల మీది ఎరుపు పసుపు చారలు వేరే కథ. అవి కేంద్రక జన్యువులోంచి ఒక గెంతే డీఎన్‌ఏ ముక్క బయటపడటం వల్ల వస్తాయి.

ప్రశ్న: ఇంప్రూవ్డ్ సాంబ మసూరి వేశాను. మూడు జన్యువులు ఎక్కించారు, ఎండాకు తెగులు రాదన్నారు. ఇది జీఎం (జన్యుమార్పిడి) విత్తనమా? ఆ మూడు జన్యువులు ఏం చేస్తాయి? ఇప్పుడు కొన్ని దుబ్బుల్లో ఆకు కొసలు ఎండుతున్నాయి. నా విత్తనం నేనే దాచుకుంటే గుణం పోతుందా? – రైతు, మిర్యాలగూడ

జవాబు: జీఎం కాదండి. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204కి, అంటే మామూలు సాంబ మసూరికి, మూడు నిరోధక జన్యువులను సంకరంతోనే ఎక్కించారు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) కలిసి చేసిన ఈ రకం 2008లో విడుదలైంది. ప్రతి తరంలోనూ మళ్లీ బీపీటీతోనే కలుపుతూ, లేత మొక్కల ఆకు నుంచి డీఎన్‌ఏ తీసి, జన్యువులు ఉన్న మొక్కలనే ముందుకు తీసుకెళ్లారు. తెగులు వచ్చి మొక్క చచ్చేదాకా ఆగి చూడక్కర్లేని పద్ధతి అది.

ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ21 అనే ఆ మూడింటిలో ఎక్స్‌ఏ13 పని తీరు చాలా చిత్రమైంది. ఎండాకు తెగులు బ్యాక్టీరియా ఆకు కణంలోకి ఒక ప్రొటీన్‌ను ఎక్కిస్తుంది. అది కేంద్రకంలోకి పోయి, స్వీట్11 అనే జన్యువు ముందున్న ప్రమోటర్‌ను (జన్యువుకు స్విచ్ లాంటి భాగం) అక్షరం అక్షరం చదివి అక్కడ కూర్చుని జన్యువును ఆన్ చేస్తుంది. ఆ ప్రొటీన్‌లో వరుసగా ఉండే 34 అమైనో ఆమ్లాల తునకల్లో ఒక్కొక్కటీ ఒక్కో డీఎన్‌ఏ అక్షరాన్ని గుర్తుపడుతుంది. స్వీట్11 చక్కెరను కణం బయటికి పంపే ద్వారం. ద్వారం తెరిపించుకుని బ్యాక్టీరియా బతుకుతుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ ప్రమోటర్ అక్షరాలు మారిపోయి ఉంటాయి, బ్యాక్టీరియా ప్రొటీన్‌కు పట్టు దొరకదు. జన్యువును అసలుకే తీసేస్తే సరిపోదా అంటే, పుప్పొడి ఎదగడానికి కూడా అదే జన్యువు కావాలి. తీసేస్తే గింజ పట్టదు. ప్రకృతి ప్రమోటర్‌లోనే మార్పు చేసి ఊరుకుంది.

ఎక్స్‌ఏ5 అదే దాడిని ఇంకో మెట్టు దగ్గర అడ్డుకుంటుంది. జన్యువును ఆన్ చేయడానికి బ్యాక్టీరియా వాడుకునే వరి సొంత ప్రొటీన్‌లో 39వ అమైనో ఆమ్లం మారి, ఆ పట్టు సడలుతుంది. ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. కణం పైపొర మీద కాపలా ఉండి, బ్యాక్టీరియా వదిలే ఒక చిన్న ప్రొటీన్‌ను గుర్తించి మొక్కను అప్రమత్తం చేస్తుంది. మూడూ ఎందుకంటే, స్వీట్11 దొరకకపోతే స్వీట్14 తలుపు తట్టే బ్యాక్టీరియా రకాలున్నాయి. ఎక్స్‌ఏ13 ఒక్కదాన్నే నమ్ముకుంటే వాటి ముందు ఓడిపోతాం.

ఎక్స్‌ఏ21 బలం మొక్క ఎదిగాకే తెలుస్తుంది, లేత నారులో అది బలహీనం. అందుకే నారుమడిలో ముంపు లేకుండా చూసుకోవడం, నాటేటప్పుడు ఆకు కొసలు తుంచకపోవడం ఈ రకానికీ వర్తిస్తాయి. గాయం ఉంటే బ్యాక్టీరియాకు దారి దొరుకుతుంది.

ఇక మీ పొలంలో ఎండుతున్న కొసలు. ముందు ఇది ఆ తెగులేనా అని తేల్చుకోండి. ఎండినదీ పచ్చిదీ కలిసే చోట ఆకును అడ్డంగా కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో తేట నీళ్లలో కదపకుండా నిలబెట్టండి. తెగులైతే కాసేపట్లో కోసిన అంచు నుంచి పాల లాంటి సన్నని ధార కిందికి జారుతుంది. ధార రాకపోతే జింకు లోపమో, ఉప్పు నీరో, వేరే తెగులో చూసుకోవాలి. ఈ మూడు జన్యువులకు అగ్గి తెగులుతోనూ, సుడిదోమతోనూ సంబంధం లేదు. ధార వస్తే మొదటి అనుమానం విత్తన కల్తీ మీద పెట్టండి: తెగులున్న దుబ్బులు, లేని దుబ్బులు పక్కపక్కనే ఉంటే మామూలు బీపీటీ కలిసి ఉండొచ్చు. గింజ చూసి రెండింటినీ విడదీయడం కష్టం. ఆకులు విడివిడిగా కవర్లలో వేసి వ్యవసాయ శాస్త్రవేత్తలకు పంపితే డీఎన్‌ఏ మార్కర్లతో (జన్యువు ఉందో లేదో చెప్పే గుర్తులు) పరీక్షిస్తారు. ఈలోగా యూరియా ఆపండి, ఆ మడి నీళ్లు పక్క మడిలోకి వదలకండి.

విత్తనం దాచుకోవచ్చు. వరిలో స్వపరాగ సంపర్కమే ఎక్కువ, జన్యువులు రెండు ప్రతులూ ఒకేలా ఉన్నాయి కాబట్టి తరం మారినా పోవు. తెగులు లేని మడి మధ్య భాగం నుంచి కోసి, నూర్పిడి యంత్రాన్ని శుభ్రం చేసి విడిగా నూర్చండి. ఎక్స్‌ఏ5, ఎక్స్‌ఏ13 రెండూ అంతర్గత జన్యువులు, రెండు ప్రతులూ ఉంటేనే పని చేస్తాయి. ఒక్క తల్లి వైపు నుంచే వస్తే ఫలితం ఉండదు. హైబ్రిడ్ వరిలోకి వీటిని తేవాలంటే రెండు వైపుల వంగడాల్లోనూ ఎక్కించక తప్పదు.

ప్రశ్న: పొగాకు క్లోరోప్లాస్ట్‌లోకి జీన్ గన్‌తో (డీఎన్‌ఏ పూసిన లోహపు రేణువులను కణంలోకి దూర్చే యంత్రం) జన్యువు ఎక్కిస్తున్నాను. లీటరుకు 500 మి.గ్రా. స్పెక్టినోమైసిన్ (యాంటీబయోటిక్) ఉన్న మీడియం మీద పచ్చ చిగుళ్లు వచ్చాయి. కొన్ని పీసీఆర్‌లో నెగెటివ్. పాజిటివ్ వచ్చిన వాటిలో మందు మీద మూడుసార్లు మళ్లీ చిగురు తెప్పించాక కూడా మార్పు లేని క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ తాలూకు పాత బ్యాండ్ పోవడం లేదు. – పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: నెగెటివ్ చిగుళ్లలో చాలావరకు సహజంగా మారినవే. క్లోరోప్లాస్ట్ 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏలో ఒక్క అక్షరం మారినా స్పెక్టినోమైసిన్ పని చేయదు. వీటిని ఏరడానికి చిన్న ఆకు ముక్కలను స్పెక్టినోమైసిన్, స్ట్రెప్టోమైసిన్ లీటరుకు 500 మి.గ్రా. చొప్పున రెండూ కలిపిన మీడియం మీద పెట్టండి. గుర్తు కోసం మీ జన్యువుతో పాటు ఎక్కించే ఏఏడీఏ అనే నిరోధక జన్యువు రెండింటినీ తట్టుకుంటుంది కాబట్టి అసలైనవి పచ్చగా ఉంటాయి. సహజ మార్పు వచ్చినవి తెల్లబడతాయి. పీసీఆర్‌కి ముందే ఈ పరీక్ష చేస్తే డబ్బూ శ్రమా మిగులుతాయి.

పాజిటివ్ అన్నవాటిలో ఒక ప్రైమర్ కచ్చితంగా మీరు ఎక్కించిన డీఎన్‌ఏ నిర్మాణం బయట, పక్కనున్న క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏలో ఉండాలి, రెండోది ఏఏడీఏ లోపల. రెండూ లోపలే ఉంటే జన్యువు కేంద్రకంలో పడ్డ మొక్కలు కూడా పాజిటివ్ చూపిస్తాయి.

పాత బ్యాండ్ పోకపోవడానికి రెండు కారణాలు. మొదటిది, నిజంగానే పాత ప్రతులు మిగిలి ఉండటం. రెండు మిల్లీమీటర్ల ముక్కలు కోసి మందు ఉన్న మీడియం మీద మళ్లీ చిగురు తెప్పించాలి. పెద్ద ముక్కలు పెడితే కొన్ని కణాలు పొరుగు కణాల చాటున బతికేస్తాయి. రెండోది చాలామందికి తట్టదు: క్లోరోప్లాస్ట్ డీఎన్‌ఏ ముక్కలు కేంద్రకపు క్రోమోజోముల్లో ఎప్పటినుంచో అతికి ఉన్నాయి. వరి 10వ క్రోమోజోములో 1,31,000 అక్షరాల ముక్క ఒకటుంది, అంటే దాదాపు మొత్తం క్లోరోప్లాస్ట్ జన్యుసంపుటి. పొగాకులోనూ ఇలాంటివి ఉన్నాయి, కొత్తవి ఇప్పటికీ చేరుతుంటాయని 2003లో ప్రయోగంతోనే తేల్చారు, సుమారు 16,000 పుప్పొడి రేణువులకు ఒకటి చొప్పున. క్లోరోప్లాస్ట్‌లో పాత ప్రతి ఒక్కటీ లేకపోయినా, కేంద్రకంలోని ఆ నకలు నుంచి పీసీఆర్ పాత బ్యాండ్‌ను తెచ్చిపెడుతుంది. పైగా పొట్టి బ్యాండ్‌ను పెంచడం పీసీఆర్‌కి తేలిక.

కాబట్టి ఇక్కడ తీర్పు పీసీఆర్‌ది కాదు, సదరన్ బ్లాట్‌ది (డీఎన్‌ఏని పెంచకుండా నేరుగా చూసే పరీక్ష). దాని మీద పాత బ్యాండ్ కనిపించకపోతే, మొక్కను పూతకు తెచ్చి విత్తనాలను 500 మి.గ్రా. మందు మీద మొలకెత్తించండి. అన్నీ పచ్చగా రావాలి. ఒక్క తెల్ల మొలక వచ్చినా పని పూర్తి కానట్టే. మామూలు మొక్క పుప్పొడితో కలిపితే అన్నీ పచ్చవి, మీ మొక్క పుప్పొడిని మామూలు మొక్కకు వేస్తే అన్నీ తెల్లవి వస్తే జన్యువు క్లోరోప్లాస్ట్‌లోనే ఉన్నట్టు రుజువు. ఇదే పనిని వరిలో చేయాలనుకుంటే స్పెక్టినోమైసిన్ పనికిరాదు, ధాన్యపు జాతులు దాన్ని సహజంగానే తట్టుకుంటాయి.

ప్రశ్న: పసుపు ఆకుల లోపలి బ్యాక్టీరియాను 16ఎస్ (బ్యాక్టీరియా రకాన్ని గుర్తించడానికి వాడే రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ జన్యువు) సీక్వెన్సింగ్‌తో చూశాం. చాలా భాగం సయనోబ్యాక్టీరియా అని వచ్చింది. నిజమేనా? – అధ్యాపకురాలు, నిజామాబాద్

జవాబు: అది పసుపు మొక్క సొంత హరితరేణువే. దాని 16ఎస్ జన్యువు సయనోబ్యాక్టీరియా వంశానిది కాబట్టి సాఫ్ట్‌వేర్ అలా పేరు పెట్టింది. వర్గీకరణలో ‘క్లోరోప్లాస్ట్’, ‘మైటోకాండ్రియా’ అన్న వరుసలను తీసేసి, ఒక్కో నమూనాలో ఇంకా ఎన్ని రీడ్లు (యంత్రం చదివిన డీఎన్‌ఏ ముక్కలు) మిగిలాయో లెక్కపెట్టండి. కొన్ని వందలే మిగిలితే ఆ నమూనాతో వైవిధ్యం లెక్కలు వేయొద్దు. మళ్లీ చేసేటప్పుడు 799ఎఫ్, 1193ఆర్ ప్రైమర్లు వాడండి. మొదటిది హరితరేణువు 16ఎస్‌కి సరిగా అంటుకోదు. మైటోకాండ్రియాది మాత్రం వస్తుంది, అయితే అది దాదాపు 800 అక్షరాల బ్యాండ్, బ్యాక్టీరియాది 400 దగ్గర. జెల్ మీద కింది బ్యాండ్‌ను కోసి శుద్ధి చేసి పంపండి.